దొంగచుక్క

అడగాల్సిన పని లేనివాడు అడిగాడంటే, అడిగినదాని వెనక అడగనిది ఇంకొకటి దాగి ఉంటుంది. ఆ రెండోది ఏమిటో తేలేదాకా మొదటిదానికి జవాబు చెప్పకూడదు. ధర్మవరంలో ఎవరు ఎవరిని అడిగారు గనక? కొత్త అంచు మగ్గం దిగి, అంగడి అద్దాల వెనక కూర్చుని వారం తిరక్కుండా పక్కవీధి మగ్గం మీద అదే అంచు నడుస్తుంది. సంజీవప్పా, నీ హంసల్ని కొంచెం తీసుకుంటాను అని ఎవడూ గడప తొక్కడు. తీసుకుంటాడు, అంతే. అలాంటి లోకంలో ఒకడు పనిగట్టుకుని ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, 'దయచేసి అనుమతించండి' అంటున్నాడు.

సంజీవప్ప ఉత్తరాన్ని మడిచాడు. కాసేపటికి మళ్ళీ విప్పాడు. రాసినవాడి పేరు ప్రవీణ్. సొంతూరు హిందూపురం. సినిమా తీస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక పిల్లల మాసపత్రికలో ఇరవై రెండు నెలలు నడిచిన సంజీవప్ప బొమ్మల కథలోంచి స్తంభాసురుణ్ణి తీసుకుని అతన్నే ప్రతినాయకుడిగా పెట్టుకున్నాడు. పెనుకొండ కోటలో షూటింగు జరుగుతోంది, వచ్చి చూడమన్నాడు. 'పాత్ర సృష్టి: సంజీవప్ప' అని తెరమీద వేస్తామన్నాడు.

ఆ మాట దగ్గరే ఆయనకు అనుమానం ఎక్కువైంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన గీసిన అంచులు ఎన్ని పెళ్ళిపీటల మీద కూర్చున్నాయో లెక్కలేదు. ఏ చీర మీదా ఆయన పేరు లేదు. చీరకు అంగడి పేరుంటుంది. నేసినవాడి పేరు కూడా అంగడివాళ్ళు ఒకోసారి చెబుతారు. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపినవాడి పేరు చెప్పాలన్న ఊహే ఎవరికీ రాదు.

ఎదురుగా బల్ల మీద సగం నింపిన గ్రాఫు ఉంది. కొంగుకు గుడి అంచు. ఎర్రరంగు నింపిన ప్రతి గడీ రేపు అట్టలో ఒక చిల్లు అవుతుంది. చిల్లు ఉన్నచోట జాకార్డు పెట్టెలో కొక్కెం లేస్తుంది. కొక్కెం లేస్తే పోగు లేస్తుంది. ఒక్క గడి తప్పితే పట్టులో ఒక పోగు తప్పుతుంది. ఆ తప్పును ఆయన కావాలనే పెడతాడు. పద్నాలుగో గోపురం కలశం కింద ఒక గడిని పక్కకు జరుపుతాడు. వెంట్రుకవాసి తేడా. నేసేవాడికి కనపడదు, కట్టుకునేదానికి కనపడదు. దొంగిలించినవాడు మాత్రం గళ్ళు లెక్కబెట్టి దించుకుంటాడు కాబట్టి ఆ తప్పును కూడా దించుకుంటాడు. డిజైను గీసేవాళ్ళు దాన్ని దొంగచుక్క అంటారు. దొంగచుక్క దొరికాక చేసేదేమీ ఉండదు. వీడు దొంగ అని తెలుస్తుంది. ఆ తెలియడం ఒక్కటే ఆయనకు దక్కేది, అది కూడా ఒక ఆస్తేనని ఆయన నమ్ముతూ వచ్చాడు.

ఉత్తరంతోపాటు ఒక ఫోటో ఉంది. రాతిపలకల వేషం కట్టిన ఒక భారీ మనిషి. సంజీవప్ప భూతద్దం తీసుకుని ముఖం మీద పెట్టాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంది. కాళ్ళ దగ్గరికి జరిపాడు. ఎడమ మడమ నేలకు ఆనలేదు.

రెండూ ఉన్నాయి. స్తంభాసురుడికి ఆయన పెట్టిన రెండు దొంగచుక్కలు అవే. నరసింహుడు స్తంభాన్ని చీల్చుకుని వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోయాక, పగిలిన ఆ రాయి ఏమైందన్న ఆలోచనలోంచి పుట్టిన అసురుడు వాడు. తనను చీల్చిన దేవుడి మీద పగబట్టిన రాయి. పాత పుస్తకాల్లోని రాక్షసులందరికీ బుగ్గమీసాలూ కోరలూ ఉంటాయి గనక, వీడు మాత్రం తనవాడని ఎక్కడ చూసినా గుర్తుపట్టేందుకే తెగిన కనుబొమ, లేచిన మడమ పెట్టానని ఆయన అనుకునేవాడు. దొంగిలించినవాడు వాటిని మరిచిపోకుండా దించాడు. దించి, మళ్ళీ అనుమతి అడుగుతున్నాడు.

"పిలిస్తే పోవాల. పిలవకుంటే పిలవలేదని ఏడుస్తావు," అంది భార్య సిద్ధమ్మ కండెలు చుడుతూనే.

"పిలిచినోడు యాల పిలిచినాడో తెలియద్దా?"

"బొమ్మ బాగుందని పిలిచినాడేమో. అట్లా గూడా పిలుస్తారంట మనుషులు."

ఆమె చెయ్యి రాట్నం మీదనుంచి తియ్యలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె చేసిన చారు బాగుందని పక్కింటావిడ అంటే, గిన్నె అడగడానికి వచ్చిందేమో చూడు అన్నాడాయన. ఆ మాట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. పొద్దున ప్యాసింజరుకు పోయేలా సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి కట్టి పెట్టింది. సంజీవప్ప పెట్టెలోంచి ఇరవై రెండు సంచికలూ కుట్టించిన పుస్తకం తీసి, పాత చీరముక్కలో చుట్టుకున్నాడు.

పెనుకొండ కోటలో, పగిలిన మహలు ముందు, నిజమైన రాతిస్తంభాల మధ్య ప్లాస్టరు స్తంభాలు నిలబెట్టారు. రెంటికీ తేడా తెలియకుండా రంగు కొట్టారు. సంజీవప్ప దాటుతూ ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూశాడు. మూడోది డొల్లగా మోగింది. అరవైమంది చుట్టుపక్కల పల్లెల మనుషులు ఒంటికి మసి పూసుకుని వరసలో ఉన్నారు. స్తంభాసురుడి బానిసలు. వాళ్ళ నెత్తి మీద బండరాళ్ళ రంగు వేసిన అట్టముక్కలు, పిల్లవాడు కూడా ఒంటిచేత్తో ఎత్తగలిగినవి. మధు అనే కుర్రవాడు, గుంపును చూసుకునే మేనేజరు, మైకు గొట్టంలోంచి వాళ్ళకు బరువు మోయడం నేర్పిస్తున్నాడు. వాళ్ళలో సగంమంది కంకర క్వారీలో పనిచేసేవాళ్ళు. నిజంగా బరువు మోసేవాడి మెడ కదలదు, కళ్ళు చలించవు. మధుకు మూలుగులు కావాలి. నడుములు వంగాలి. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

ప్రవీణ్ ముప్ఫై దాటీ దాటనివాడు, కళ్ళజోడు, మెళ్ళో తువ్వాలు. సంజీవప్పను చూడగానే చేతిలో కాగితాలు ఎవరికో ఇచ్చేసి వచ్చాడు, కుర్చీ తనే తెచ్చి వేశాడు, కాఫీ తెప్పించాడు. ఆరో తరగతిలో ఉండగా హిందూపురం గ్రంథాలయంలో ఆ పత్రిక కోసం నెలాఖరున గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ణని చెప్పాడు. స్తంభాసురుడు చచ్చిపోతాడేమోనని ఒక నెలంతా నిద్రపట్టలేదట. మర్యాద ఇంత ఎక్కువైందంటే దాని అడుగున ఏమో ఉంది. సంజీవప్ప కాఫీ సగం తాగి పెట్టేశాడు. పుస్తకాన్ని ఒళ్ళోంచి కింద పెట్టలేదు.

వేషం కట్టిన మనిషి బెంగుళూరు పహిల్వాను. ఆరున్నర అడుగులు. ముఖం మీద తెగిన కనుబొమను శ్రద్ధగా దిద్దారు. అయినా నిలబాటు కుదరడం లేదు. మడమ ఎత్తితే ఒళ్ళు ఊగుతోంది. ఊగకుండా నిలబడితే ఫోటో కోసం నిలబడ్డట్టుంది. పొద్దున నుంచి తొమ్మిదిసార్లు తీశారు. ప్రవీణ్ వచ్చి సంజీవప్ప పక్కన మోకాలి మీద కూర్చున్నాడు.

"అన్నా, మీరే చెప్పల్ల. బొమ్మలో చూస్తే ఒళ్ళు జలదరిస్తాది. ఈయన నిలబడితే బస్సుకోసరం నిలబడినట్టుండాది. ఏం తప్పుతాంది?"

సంజీవప్ప ఒక కాగితం అడిగి గీసి ఇచ్చాడు. భుజం ఇక్కడ, నడుం ఇక్కడ, బరువంతా కుడికాలి మీద. పహిల్వాను చూసి అలాగే నిలబడ్డాడు. కొలత అంతా సరిగ్గా ఉంది, ప్రాణం లేదు. ఏం తప్పుతోందో సంజీవప్పకు కూడా తెలియలేదు. తను పుట్టించినవాడి సంగతి తనకే తెలియకపోవడం ఎలా? ఆ ప్రశ్న వచ్చింది, కాని అది నిలబడకముందే ఆయన చూపు పహిల్వాను వెనక గుంపు చివరి వరస మీద పడింది.

అక్కడ నిలబడి ఉన్నాడు స్తంభాసురుడు.

బక్కచిక్కిన ముసలివాడు. మాసిన తెల్లగడ్డం, నెత్తిన అట్టరాయి. బరువంతా కుడికాలి మీద, ఎడమ మడమ నేలనుంచి రెండు వేళ్ళ ఎత్తు లేచి, భుజం ఆ పక్కకు కొద్దిగా దిగి. ఊగడం లేదు. ఎప్పటినుంచో అలాగే నిలబడే మనిషిలా నిలబడ్డాడు.

 సంజీవప్ప మనసు గళ్ళు నింపినట్టు ఒకటొకటే నింపుకుంటూ పోయింది. వీణ్ణి ముందే తెచ్చి నేర్పించారు. తను వచ్చే రోజునే తెచ్చారు. రేపు తను ఏదన్నా అంటే, నిలబాటు మీది కాదు, మా ముసలాయనది అంటారు. అది కాదంటే, తనను వెక్కిరించడానికి. అదుగో, నవ్వుతున్నారు అందరూ. ఆయన లేచి మధు దగ్గరికి వెళ్ళి, చివరి వరస వైపు వేలు చూపించి, ఆ గడ్డపాయన విలన్‌ను వెక్కిరిస్తున్నాడని చెప్పాడు.

మధు అటు చూశాడు. గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమప్పా పెద్దాయనా, విలనీ చేసేకి బెంగుళూరు నుంచి ఒకణ్ణి తెచ్చుకున్యాం. నువ్వెందుకు శ్రమపడతాండావు? రా, బయటికి రా."

గుంపంతా నవ్వింది. ముసలాయన తన గురించేనా అని వెనక్కి చూశాడు, వెనక గోడ ఉంది. ఆ అట్టరాయిని రెండు చేతులా దించి, నిజమైన బండలాగే చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, వరస దాటి వెళ్ళిపోయాడు. నడుస్తుంటే ఎడమ పాదం పూర్తిగానే ఆనుతోంది. కుంటితనం లేదు. అది గమనించాక సంజీవప్పకు తన అనుమానం మరింత నిజమనిపించింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ముసలాయన్ను వెతుక్కుంటూ వెళ్ళాడు. పట్టుకుని అడగాలి. ఎవరు నేర్పించారో ఆ నోటితోనే చెప్పించాలి. ముసలాయన కోటగోడ నీడన, బానిసలకు పెట్టే అన్నం పొట్లం తనకు రాదని తెలిసి కాబోలు, తువ్వాలు పరుచుకుని ఊరికే కూర్చున్నాడు. మసి కడుక్కున్నాడు. దగ్గరికి వెళ్ళాక చూశాడు సంజీవప్ప: ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. రంగు కాదు. అక్కడ వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి.

"నా బొమ్మ నీకు ఎవురు చూపించినారు?"

"ఏ బొమ్మ, సామీ?"

సంజీవప్ప చీరముక్క విప్పి పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. ముసలాయన చేతులు పంచెకు తుడుచుకుని, కాగితం అంచు పట్టుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. చదువు రాదన్నాడు. పేరు చెన్నప్ప అన్నాడు. సోమందేపల్లి దాటాక చెరువుకట్ట కింద పల్లె. చాలాసేపు చూశాక బొమ్మ కనుబొమ మీద వేలు పెట్టాడు.

"ఈయప్పను గూడా యాడో గీరినట్టుండారు."

 చెన్నప్ప వేలు బొమ్మ కాలి దగ్గరికి దిగింది.

"పాపం, భయపడతాండాడు."

"భయమా? వాడు రాక్షసుడప్పా. దేవుని మీదికి పోతాండాడు."

"పోయేవాడైతే మడమ యాల ఎత్తుతాడు సామీ? పరిగెత్తేకి ఎత్తినాడు."

ఆ తర్వాత చెన్నప్ప చెప్పింది ఎక్కువేమీ కాదు. వయసులో ఉన్నప్పుడు తమ పల్లె బయలాటలో హిరణ్యకశిపుడి వేషం కట్టేవాడట. నరసింహస్వామి వేషపు ముఖం మాత్రం పెద్దరైతు రంగప్ప ఇంట్లో ఉండేది. దానికి ఏడాదంతా దీపం పెట్టి, ఆట రోజు ఆయనే కట్టుకునేవాడు. ముఖం కట్టగానే ఆయనకు పూనకం. చేతులకు ఇనుప గోళ్ళు. ఇద్దరు మనుషులు నడుముకు పంచె బిగించి వెనక్కి లాగి పట్టుకోవాలి. అందుకే హిరణ్యకశిపుడి వేషానికి రైతుల ఇళ్ళలోంచి ఒక్కడూ వచ్చేవాడు కాదు; మాలపల్లెలో ఎవడో ఒకణ్ణి పిలిచేవారు. తెల్లారుతుండగా, పగలూ రాత్రీ కాని వేళకు స్తంభం పగలాలి. చెన్నప్ప ఆ ముందర గంటసేపు స్తంభానికి ఎదురుగా గదతో నిలబడాలి. ఆ పంచె వాళ్ళ చేతుల్లోంచి ఎప్పుడు జారుతుందో తెలియదు గనక ఎడమ మడమ ఎత్తి పెట్టుకుని నిలబడేవాడు. ఆరేళ్ళు అలా నిలబడితే ఒంటికి అదే అలవాటైపోయింది. ఏదైనా నెత్తిన పెట్టి నిలబెడితే ఇప్పటికీ మడమ దానంతటదే లేస్తుంది. ఆరో ఏడు పంచె జారింది.

"గోరు కంట్లోకి పోవాల్సింది, కనుబొమ మీద ఆగిపోయినాది. కారిపోతాంటే జనం గంటలు కొడతాండారు. దేవుడు గీరినాడన్యారు. రంగప్ప గీరినాడని ఒకరన్నా అనల్యా." చెన్నప్ప నవ్వాడు. "మరుసటేడు మరియమ్మను చేసుకున్యా. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఇంగ వేషం వద్దనింది. ఆయమ్మ పుణ్యాన రెండో కన్ను మిగిలింది."

అది ఏ సంవత్సరమని సంజీవప్ప అడగలేదు. అడిగితే చెన్నప్ప చెబుతాడు. అడగకుండానే తనకు తెలుసు. డెబ్భై నాలుగు, స్నేహితుడి పెళ్ళికి సోమందేపల్లి వెళ్ళి, పక్క పల్లెలో ఆట ఉందంటే నడుచుకుంటూ వెళ్ళినవాళ్ళు నలుగురు. వాళ్ళలో తనొకడు. బంగారు కాగితం కిరీటం. తూర్పున తెల్లబడుతున్న ఆకాశం. ఎత్తిన మడమ. బుగ్గమీదుగా గడ్డం దాకా కారిన ఎరుపు. ఎంత బాగా రంగు వేశారు అని పక్కవాడితో అన్నాడు తను. ఇంటికొచ్చి, ఆ మాటా మరిచిపోయి, ఆ మనిషినీ మరిచిపోయి, ఐదేళ్ళకు కాగితం ముందర కూర్చుంటే చెయ్యి దానంతటదే గీసింది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడూ అనుమానించలేదు. లోకం మీదంతా అనుమానం పరిచిన మనిషి ఆ ఒక్క చోటుకు మాత్రం భూతద్దం పట్టుకెళ్ళలేదు.

చెన్నప్ప పుస్తకం మూసి, చీరముక్కలో తనే చుట్టి, రెండు చేతులా అందించాడు.

"బాగా రాసినారు సామీ. మీ చెయ్యి మంచిది."

మరునాడు హిందూపురంలో, స్టేషను దగ్గర లాడ్జి మేడమీద గదిలో, ప్రవీణ్ స్టాంపు కాగితం టైపు చేయించి పెట్టాడు. పోస్టరు రేపు అచ్చుకు పోతుందట. ముసాయిదా గోడకు అంటించి ఉంది. రాతిమనిషి పాదాల కింద, ప్రవీణ్ పేరు కన్నా కొంచెం పెద్ద అక్షరాల్లో, 'పాత్ర సృష్టి: సంజీవప్ప'. ఆయన అటు చూడకుండా ఉండాలనుకున్నాడు. కాని గదిలో ఎటు తిరిగినా అది కంటి కొసలో ఉంటోంది. తన పేరులో అన్ని వంపులున్నాయని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

ప్రవీణ్ మాట్లాడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు అద్దం ముందు అలా మడమ ఎత్తి నిలబడితే వాళ్ళ నాయన కొట్టాడట, ఆడంగి నిలబాటు ఏందిరా అని. నవ్వుతూ అడిగాడు:

"అన్నా, అయినా ఆ నిలబాటు మీకు యాడ దొరికినాది?"

ఎంత తేలిగ్గా అడిగాడు. చెప్పడానికి ఇంతకన్నా మెత్తటి చోటు మళ్ళీ దొరకదు.

"యాడా లేదు. ఊరికే వచ్చింది," అన్నాడు సంజీవప్ప.

అన్నాక కాగితం చదవడం మొదలుపెట్టాడు. 'ఈ పాత్ర రూపము, ముఖ లక్షణములు, నిలబడు తీరు పూర్తిగా నా సొంత ఊహనుండి పుట్టినవి. ఇందులో మరెవరికీ భాగము లేదు.' ఆయన ఆ వాక్యంలో ఉచ్చు ఎక్కడుందో వెతికాడు. వీడికి తెలుసేమో, నిన్న గోడ దగ్గర ఎవరో చూసి చెప్పి ఉంటారు, సంతకం పెట్టించి, తర్వాత బయటపెట్టి నవ్వుతారు. తలెత్తి ప్రవీణ్ ముఖాన్ని అంచు పరీక్షించినట్టు పరీక్షించాడు. కళ్ళజోడు వెనక సంతోషం తప్ప ఏమీ లేదు. అడగని రెండోది ఏదీ లేదు. నలభై ఏడేళ్ళ బతుకులో మొదటిసారి అలాంటి ముఖం ఎదురైంది. ఎదురైన రోజునే, ఆ గదిలో దొంగ ఒకడున్నాడు, అది ప్రవీణ్ కాదు.

పోతే ఏం పోతుంది? చెన్నప్ప ఏమీ అడగలేదు. మీ చెయ్యి మంచిది అన్నాడు. అతనికి చదువు రాదు, సినిమా పేరు చదవడు. ఈ పేరు ఇక్కడినుంచి తీస్తే లోకానికి నష్టం లేదు, ఉంచితే లోకానికి నష్టం లేదు. ఇంతకాలం తన అంచులు ఎత్తుకుపోయినవాళ్ళు కూడా ఇలాగే అనుకుని ఉంటారు. ఆయన పెన్ను మూత తీశాడు. పెట్టాడు. ఇంట్లో ఒకసారి చూపించి, పొద్దున్నే పంపిస్తానని చెప్పి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ప్రవీణ్ మెట్ల దాకా వచ్చాడు. చెప్పులు తొడుక్కుంటుంటే గోడ మీది పోస్టరు మరోసారి కనపడింది. ఈసారి ఆయన నిలబడి పూర్తిగా చూశాడు.

రైలుకు ఇంకా రెండు గంటలుంది. బస్సెక్కాడు. కండక్టరు దగ్గర పెనుకొండకు టిక్కెట్టు తీసుకున్నాడు. సోమందేపల్లి క్రాసులో దిగిపోతుంటే కండక్టరు, ఇంగా పెనుకొండ రాలేదప్పా అన్నాడు. తెలుసునన్నాడు.

చెరువుకట్ట కింద పల్లె ఇరవై నిమిషాల నడక. చెన్నప్ప ఇల్లు అడిగితే మొదటి మనిషి, ఎవురు మీరు, యాల అన్నాడు. రెండో మనిషి తెలియదన్నాడు. చర్చి పక్క సందులో ఒక పిల్ల చూపించింది. గుమ్మం ముందు మరియమ్మ విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పప్పు దెబ్బతినకుండా బొటనవేలితో ఒక్కో కాయా నొక్కుతోంది. చెన్నప్ప గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు. సంజీవప్పను చూసి లేచి మంచం వాల్చాడు. కాగితం బయటికి రాగానే అతని చేతిలో పని ఆగింది.

"చెన్నప్పా, మీ నాయన పేరేమి?"

 మరియమ్మ వేళ్ళు కూడా ఆగాయి.

"నాయన పేరు యాల సామీ?" అన్నాడు చెన్నప్ప, నెమ్మదిగా. "పొమ్మన్యారు, పోయినాను గదా."

"ఆ అట్టరాళ్ళు ఏమన్నా తక్కువొచ్చినాయా?" అంది మరియమ్మ. "మేం తేలేదు. ఇల్లు చూసుకోండి కావాలంటే."

పేరు అడిగినవాళ్ళు ఇంతకుముందు ఈ గుమ్మానికి ఏ పనిమీద వచ్చి ఉంటారో ఆ ముఖాల్లో కనిపించింది. అడిగినదాని వెనక అడగనిది వాళ్ళూ వెతుకుతున్నారు. తన ముఖాన్ని తను తడుముకోలేక సంజీవప్ప మంచం మీదనుంచి దిగి, మరియమ్మ ఒలిచిన పొట్టుకు ఇవతల నేల మీద కూర్చున్నాడు.

"నిన్న నిన్ను వరసలోంచి తీపిచ్చింది నేనే," అన్నాడు. "ఎవురో నేర్పించినారనుకున్యా. వెక్కిరిస్తాండావని మధుకు చెప్పినా."

"తెలుసు సామీ," అన్నాడు చెన్నప్ప. "మీరు వేలు చూపించేది చూస్తానే ఉండా."

తెలిసే చేతులు తుడుచుకుని బొమ్మ పట్టుకున్నాడు. తెలిసే పుస్తకాన్ని చుట్టి ఇచ్చాడు.  సంజీవప్ప, మాటలు దొరికినంతవరకు, చెప్పాడు: ఆ ఏడు ఆటకు తను వచ్చాడని, ముందు వరసలో నిలబడ్డాడని, నెత్తురును రంగనుకున్నాడని. ఆ బొమ్మలో కనుబొమా కాలూ తన ఊహ కాదని. తెరమీద ఆ సంగతి రాయాలంటే పూర్తి పేరు కావాలని.

చెన్నప్ప గొడ్డలి పక్కన పెట్టాడు. తెగిన కనుబొమను బొటనవేలితో రుద్దుకున్నాడు.

"అయితే రంగప్ప పేరు గూడా రాయాల్నేమో. గీరింది ఆయప్పే గదా."

మరియమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు అయ్యాక, చెనిక్కాయల చేటను మోకాలితో అవతలికి నెట్టి, మొగుడి వైపు చూడకుండా చెప్పింది:

"తిరుపాల్. మా మామ పేరు తిరుపాల్. రాసుకోండి."

సంజీవప్ప పుస్తకాన్ని తొడ మీద పెట్టుకుని, దాని మీద స్టాంపు కాగితం పరిచాడు. పెన్ను మూత తీశాడు. 'పూర్తిగా నా సొంత ఊహనుండి' అన్న మాటల మీద, 'ఇందులో మరెవరికీ భాగము లేదు' అన్న వాక్యం మీద మొదటినుంచి చివరిదాకా గీత గీశాడు. గీత కింద, పట్టులో పోగు తప్పకూడని గడి నింపేటప్పటిలా ఊపిరి బిగపట్టి, తిరుపాల్ కొడుకు చెన్నప్ప అని రాశాడు.